‘ఉంది’కీ ‘ఉంటుంది’కీ మధ్య

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీలకు వార్తలు పంపే విలేకరులకూ, డెస్కులో కూర్చుని వాటిని దిద్ది హెడ్డింగులు పెట్టే సబ్‌ఎడిటర్లకూ ఒక వ్యాకరణ విషయం విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. మేము నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల్లో, కాలేజీల్లో తెలుగు చెప్పేవాళ్ళం. చూడబోతే ఒకటి రెండు అక్షరాల తేడా. ఆ అక్షరాల మీద ఊళ్ళ పేర్లు, మనుషుల పరువులు, పిల్లల చదువులు ఆధారపడుతున్నాయి కాబట్టే మీదాకా తెస్తున్నాం.

కనిగిరి వైపు ఒక ఊళ్ళో బోరు నీళ్ళు పరీక్ష చేయించారనుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ తేలింది. తాగునీటిలో ఉండదగిన హద్దు అదే. విలేకరి ‘ఆ బోరులో ఫ్లోరైడ్ ఉంది’ అని రాస్తే చదివినవాడు వెంటనే ఏ బోరు, ఎప్పుడు పరీక్షించారు, ఎంత వచ్చింది అని అడుగుతాడు. ‘ఆ ఊరి బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది’ అని రాస్తే ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ పుట్టదు. పరీక్షలో తేలిన సంగతి ఊరి లక్షణమై కూర్చుంది. నిజానికి ఒకే ఊళ్ళో పక్కపక్క బోర్లకే లోతును బట్టి, కింద ఉన్న రాతిని బట్టి తేడా వస్తుంది. ‘ఉంటుంది’ అని చదివినవాళ్ళు ఆ ఊళ్ళోని మంచి బోరును కూడా వదిలేస్తారు. పక్క ఊరివాళ్ళేమో వార్తలో తమ ఊరి పేరు రాలేదు గనక తమ బోరును పరీక్షకే పంపరు. పిల్లనివ్వాలంటే ఆ ఊరి పేరు చెప్పి వెనకాడేవాళ్ళు బయల్దేరతారు. ఇంతా చేసి మారింది ‘ఉంది’ అన్నచోట ‘ఉంటుంది’ అనడమే.

తెలుగు వ్యాకరణానికి ఇది కొత్త సంగతి కాదు. భూత, వర్తమాన, భవిష్యత్తుల సరసన చిన్నయసూరి తద్ధర్మార్థకమని ఇంకొకదాన్ని పెట్టాడు. తద్ధర్మం అంటే దాని ధర్మం, దాని స్వభావం. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అంటే నిన్నటి మాటా కాదు, రేపటి మాటా కాదు, సూర్యుడి తీరు అది. ఇప్పటి వాడుకలో ఈ పని ‘-తా’, ‘-తు’ రూపం చేస్తోంది: ఉదయిస్తాడు, ఎగురుతాయి, పండుతుంది, ఉంటుంది. చిక్కేమిటంటే రేపు జరగబోయేదానికీ ఇదే రూపం వాడతాం. ‘మామయ్య శనివారం వస్తాడు’ అంటే ఈ శనివారమా, ప్రతి శనివారమా? సందర్భం చెప్పాలి తప్ప క్రియ చెప్పదు. ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు గ్విన్ గారితో కలిసి ఇంగ్లీషులో రాయగా 1985లో అచ్చయిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా అలవాటునూ భవిష్యత్తునూ ఒకే రూపం కింద చెప్తుంది.

మన నెల్లూరు వైపు మాటలో ఈ తేడా చెవికి బాగా పట్టుబడుతుంది. ‘తాగతా ఉండాడు’ అంటే ఇప్పుడు, ఈ పూట. ‘తాగతా ఉంటాడు’ అంటే అలవాటు. ఇంట్లో ఎవరూ ఈ రెంటినీ కలగాపులగం చేయరు. పొరపాటున ఒకదానికి ఇంకొకటి అంటే తగాదా అయి కూర్చుంటుందని అందరికీ తెలుసు. పత్రికలో రాసేటప్పుడే ఆ జాగ్రత్త జారిపోతోంది.

ఇలా ‘ఉంటుంది’, ‘చేస్తారు’ అని స్వభావం చెప్పేవాటిని స్వభావ వాక్యాలందాం. వీటికి లెక్కతో పెద్దగా పనిలేదు. ఒంగోలు జాతినే తీసుకోండి. ‘ఒంగోలు పశువులకు మూపురం ఉంటుంది’ అంటే జాతి మొత్తానికీ వర్తిస్తుంది. ‘ఒంగోలు పశువులు పాలిస్తాయి’ అన్నా తప్పనిపించదు. అయితే గిత్తలు పాలివ్వవు, పడ్డలు పాలివ్వవు, వట్టిపోయిన ఆవులూ పాలివ్వవు. మందలో ఏ రోజు లెక్క వేసినా పాలిచ్చేవి సగానికి తక్కువే ఉండొచ్చు. ఇప్పుడు ‘ఒంగోలు పశువులు పాలివ్వవు’ అని చూడండి. సగానికి పైగా పశువుల విషయంలో అదే నిజమైనా వాక్యం తప్పనే అంటాం. అంటే ఈ రకం వాక్యం ‘ఎక్కువ భాగం’ అన్న మాటను దాచుకున్న వాక్యం కాదు. జాతికి గుర్తుగా ఏది నిలుస్తుందో దాన్ని చెప్తుంది. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యాలను భాషాశాస్త్రవేత్త గ్రెగ్ కార్ల్‌సన్ 1977లో తన పరిశోధన గ్రంథంలో నిశితంగా పరిశీలించాడు. బహువచనంలో కనిపించే నామం అక్కడ విడి విడి జీవులను కాక జాతిని పేర్కొంటుందని చూపాడు. మనకు ఏకవచనంతోనే జాతిని చెప్పడం చిన్నప్పటినుంచీ తెలిసిందే. ‘ఆవు సాధు జంతువు. ఆవుకు నాలుగు కాళ్ళుంటాయి’ అని రాసిన వ్యాసంలో ఆవు ఎవరింటి ఆవూ కాదు.

ప్రమాదం ఉన్నచోట ఈ సడలింపు ఇంకా ఎక్కువ. ‘దోమలు డెంగీ తెస్తాయి’ అంటే ఎవరూ కాదనరు. మన చుట్టూ ఎగిరేవాటిలో మగదోమ అసలు కుట్టదు. ఆడదోమల్లో డెంగీని ప్రధానంగా మోసేది ఏడిస్ రకం. వాటిలోనూ డెంగీ మనిషిని కుట్టి, లోపల వైరస్ ఎదగడానికి వారం పది రోజులు గడిచిన దోమే అంటిస్తుంది. లక్ష దోమల్లో అలాంటివి ఎన్నుంటాయి? అయినా వాక్యం నిజమే, ఎందుకంటే ప్రాణం మీది మాట. నష్టం ఎక్కడంటే, ఆ వాక్యం విని జనం చేసే పనిలో. ‘దోమలు’ అన్నారు గదా అని రాత్రికి దోమతెర కట్టుకుని, మురుక్కాలవ మీద మందు కొట్టించుకుని ధైర్యంగా ఉంటారు. ఏడిస్ పగలు కుడుతుంది, పొద్దున పూటా సాయంత్రం పొద్దుగూకే ముందూ మరీను. పెరిగేది కాలవలో కన్నా ఇంట్లో నిలవ ఉన్న మంచి నీళ్ళలో: కూలరు అడుగున, సిమెంటు తొట్టిలో, పెరట్లో పడేసిన టైరులో. గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్టి వంచి, గోడలు తోమి, ఆరబెట్టమంటారు. హెడ్డింగు ‘పగలు కుట్టే ఏడిస్‌తో డెంగీ’ అని పెడితే అక్షరాలు పెద్దగా పెరగవు, చదివినవాళ్ళు చేయాల్సిన పని మారుతుంది. కర్తను జాతి దగ్గర ఆపకుండా రకం దాకా, వీలైతే వేళ దాకా దింపండి.

జాతికి సరిపోయింది సభ్యుడికి సరిపోకపోవడం కూడా ఉంది. ‘మన రాష్ట్రంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు పడతాయి’ అని పిల్లలు వల్లె వేస్తారు. రాష్ట్రం మొత్తానికి చెల్లుతుంది. నెల్లూరుకు ఎక్కువ వాన తెచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనం. జూన్‌లో ‘రుతుపవనాలు వచ్చేశాయి, రైతులు దుక్కులకు దిగుతారు’ అని రాష్ట్ర డెస్కు రాసిన వాక్యాన్నే జిల్లా పేజీలో వేస్తే మన రైతుకు అది పరాయి ఊరి వార్త.

ఈ వాక్యాల్లో ఇంకో గుణం ఉంది. ఒప్పుకోవడానికి తక్కువ సాక్ష్యం చాలు, ఒప్పుకున్నాక మాత్రం అందరికీ అంటుకుంటుంది. మనస్తత్వ పరిశోధకులు ఆండ్రే సింపియన్, అమాండా బ్రాండోన్, సూసన్ గెల్మన్ 2010లో దీన్ని అమెరికాలో పరీక్షించారు. ఎక్కడా లేని జంతువులకు లేని పేర్లు పెట్టి, వాటిలో నూటికి 10, 30, 50, 70, 90 చొప్పున ఫలానా రంగు ఈకలున్నాయని చెప్పి, ‘ఈ జంతువులకు ఆ రంగు ఈకలుంటాయి’ అన్న వాక్యం నిజమా అని అడిగారు. శాతం తక్కువున్నప్పుడు కూడా నిజమేనన్నవాళ్ళు కనిపించారు. ఇంకొందరికి శాతం చెప్పకుండా వాక్యం మాత్రమే ఇచ్చి, ఎన్నింటికి ఉంటాయని అడిగితే దాదాపు అన్నింటికీ అన్నారు. మామూలు గుణానికి బదులు ప్రమాదకరమైన గుణం, విడ్డూరమైన గుణం చెప్తే ఈ ఎగుడుదిగుడు ఇంకా పెరిగింది. ఇంగ్లీషులో జరిగిన పరీక్షే అయినా మన పేజీలకు అన్వయించి చూడండి. నలుగురు పట్టుబడితే ‘ఫలానావాళ్ళు ఇలా చేస్తారు’ అని రాయడం సులువు. ఆ వాక్యం చదివినవాడు మాత్రం నాలుగు వందల మందినీ అనుమానంగా చూస్తాడు. రాసినవాడు ఎక్కించని బరువు చదివినవాడి బుర్రలో ఎక్కుతోంది.

‘చాలామంది’, ‘కొందరు’ అని ముందు చేర్చితే చాలదా అంటే, కొంతే చాలుతుంది. ‘అన్నీ’, ‘ఎక్కువ భాగం’ అని విన్న వాక్యాలను కూడా తర్వాత గుర్తు తెచ్చుకునేటప్పుడు ఆ మాటలు రాలిపోయి ఉత్త స్వభావ వాక్యంగా మిగులుతున్నాయని సారా-జేన్ లెస్లీ, గెల్మన్ 2012లో చూపారు. పిల్లల్లోనూ అంతే, పెద్దల్లోనూ అంతే. అందుకే పరిమాణం చెప్పే మాటకన్నా అంకె మేలని మా అభిప్రాయం. ‘పలువురు వ్యాపారుల కల్తీ’ కన్నా ‘40 దుకాణాల్లో తనిఖీ, 3 చోట్ల కల్తీ’ చదివినవాడి దగ్గర ఎక్కువకాలం నిలుస్తుంది. అందులో మొత్తం అంకె తప్పక ఉండాలి. ‘3 చోట్ల కల్తీ’ అని ఊరుకుంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

ఇక హెడ్డింగుల సంగతి. తెలుగు హెడ్డింగుకు ఒక అలవాటైన అచ్చు ఉంది, క్రియను విశేషణం చేసి నామం ముందు పెట్టడం: ‘మత్తుకు బానిసవుతున్న యువత’, ‘పాలల్లో నీళ్ళు కలిపే వ్యాపారులు’. చిన్నగా ఉంటుంది, రెండు వరుసల్లో ఇముడుతుంది, అందుకే డెస్కుకు ఇష్టం. కానీ ‘నీళ్ళు కలిపే వ్యాపారులు’ అన్న పదబంధానికి రెండర్థాలు. వ్యాపారుల్లో ఎవరు కలుపుతారో ఆ కొందరు అన్నది ఒకటి, వ్యాపారులనేవాళ్ళే కలిపేవాళ్ళు అన్నది రెండోది. మాట్లాడేటప్పుడు ఊనికతో విడదీస్తాం. అచ్చులో ఊనిక లేదు, తెలుగు విశేషణానికి ఈ రెంటినీ వేరు చేసే గుర్తూ లేదు. పైగా అది వాక్యం కాదు. ‘యువత మత్తుకు బానిసవుతోంది’ అంటే ‘అవునా? ఎక్కడ? ఎంతమంది?’ అని ఎదురు అడగొచ్చు. ‘బానిసవుతున్న యువత’ అన్నప్పుడు బానిస కావడం అప్పటికే ఒప్పుకున్న సంగతిలా లోపలికి జారిపోయింది, ఇక అడిగేందుకు మిగిలింది ఏమీ లేదు.

ఇక్కడా తద్ధర్మమే చూసుకోవాలి. ‘కలిపే’ తద్ధర్మ విశేషణం, స్వభావం చెప్తుంది. ‘కలిపిన’ జరిగిన పని. ‘కలుపుతున్న’ అన్నది నడుస్తున్న పని. కేసు నమోదైతే ‘కలిపిన’ రాయాలి, అదీ ఆరోపణ మాత్రమే అయితే ‘కలిపారని కేసు’ అనాలి. తనిఖీ అధికారి కళ్ళముందు పట్టుకుంటే ‘కలుపుతుండగా’ సరిపోతుంది. ‘కలిపే’ మాత్రం ఏ పంచనామాలోనూ తేలేది కాదు, వార్తకు అది దాదాపు ఎప్పుడూ అక్కరలేదు. ఇన్ని మాటల్లో మా మాట ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే ‘-ఏ’ బదులు ‘-ఇన’ అన్నది గుర్తుంచుకోండి. హెడ్డింగు పొడవు పెరిగేది ఒక్క అక్షరమే.

ఏటా పదో తరగతి ఫలితాల రోజు వచ్చే ‘బాలికలదే పైచేయి’ గురించి కూడా చెప్పాలి. అభినందనగా రాస్తారని తెలుసు. అందులో క్రియ లేదు, కాలం లేదు, ‘-ఏ’ అన్న ఊనిక మాత్రం ఉంది. ఈ యేడు ఇలా వచ్చింది అని చెప్పాల్సింది ఎప్పుడూ ఇంతే అన్నట్టు వినిపిస్తుంది. నూటికి 84 మంది అమ్మాయిలు, 80 మంది అబ్బాయిలు పాసయ్యారనుకుందాం. రెండు గుంపులూ చాలావరకు ఒకటే. నాలుగు శాతం తేడా ‘పైచేయి’ అయ్యేసరికి తప్పిన పిల్లవాడికి ‘మగపిల్లలకు చదువు రాదు’ అన్న సాకు దొరుకుతుంది, పాసైన పిల్లవాడి కష్టం కనపడకుండా పోతుంది. ‘బాలికలు 84, బాలురు 80 శాతం ఉత్తీర్ణత’ అంటే సరిపోతుంది.

ఆ వార్త లోపలి పేరాల్లో వచ్చే ‘బాలురకు దీటుగా’, ‘మగపిల్లలకు ఏమాత్రం తీసిపోరు’, ‘ఆడపిల్లలు కూడా లెక్కల్లో రాణిస్తారు’ ఇంకా నష్టం చేస్తాయి. తెలుగులో పోలిక కట్టేటప్పుడు ‘కు’, ‘తో’ చేరినది కొలబద్ద. ‘బాలురకు దీటుగా’ అనగానే బాలురు కొలబద్ద, బాలికలు కొలిచే వస్తువు. ఇంగ్లీషులో ఇదే రకం వాక్యాన్ని ఎలనోర్ చెస్ట్‌నట్, ఎలెన్ మార్క్‌మన్ 2018లో పరీక్షించారు. ‘లెక్కల్లో అమ్మాయిలు అబ్బాయిలంత మంచివాళ్ళు’ అని సమానత్వం చెప్పబోయిన వాక్యం చదివి, అబ్బాయిలకే సహజంగా ఎక్కువ వస్తుందని జనం అర్థం చేసుకున్నారు. ఇద్దరినీ ఒకేచోట కర్తలుగా నిలబెట్టినప్పుడు ఆ అర్థం తగ్గింది. కాబట్టి ‘బాలబాలికలిద్దరూ లెక్కల్లో రాణించారు’ అనండి, ‘కూడా’ను కొట్టేయండి. ‘కూడా’ ఉన్నచోటల్లా ముందు వరసలో ఇంకెవరో ఉన్నట్టే లెక్క.

స్వభావ వాక్యం చట్టంగా మారితే ఏమవుతుందో మన జిల్లా చూసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం ప్రకారం, ఏ తెగ అయినా బెయిలు దొరకని నేరాలు ఒక పద్ధతిగా చేయడానికి అలవాటుపడిందని ప్రభుత్వం నమ్మితే ఆ తెగనే ప్రకటించవచ్చు. ఆ వాక్యం కట్టుబాటు చూడండి. కర్త తెగ. క్రియ అలవాటు. మనిషి లేడు, తేదీ లేదు, నేరం జరిగిన చోటు లేదు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటులో, అంటే అలాంటి తెగలవాళ్ళను కట్టడిలో ఉంచే వాడలో, ఎరుకల కుటుంబాలను ఉంచారు. చీరాల, బాపట్ల మధ్య స్టువర్టుపురంలో ఆ పని సాల్వేషన్ ఆర్మీ చేసింది. పుట్టిన పసిబిడ్డ కూడా ఆ వాక్యం కింద పుట్టింది. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. వ్యాకరణం పోలేదు. ఊరి పేరును విశేషణంగా తెచ్చి ‘దొంగ’ ముందు కట్టే సమాసం ఇప్పటికీ వార్తల్లో కనపడుతోంది. ఆ సమాసం ఊరి బడిలో చదివే పిల్లల వెంట ఉద్యోగం అడగబోయిన చోటుకు కూడా వెళ్తుంది. నిందితుడి చిరునామా కేసుకు అవసరమైతే చిరునామాగానే, ఆఖరి పేరాలో రాయండి. కులం పేరు అసలే అక్కరలేదు. ‘దొంగ అరెస్టు’ బదులు ‘చోరీ కేసులో నిందితుడి అరెస్టు’ అనండి. దొంగ అన్న నామం మనిషికి అంటుకుంటే కోర్టు విడిచిపెట్టినా ఊడదు.

నామానికి ఆ జిగురు ఎక్కువని చిన్నపిల్లలకు కూడా తెలుసు. గెల్మన్, గెయిల్ హేమన్ 1999లో ఐదేళ్ళ, ఏడేళ్ళ పిల్లలకు రోజ్ అనే అమ్మాయి గురించి చెప్పారు. కొందరికి ఆమె వీలు దొరికినప్పుడల్లా క్యారెట్లు తింటుందన్నారు, కొందరికి ఆమెకు ‘క్యారెట్లు తినేది’ అనే నామం తగిలించారు. నామం విన్న పిల్లలు, ఆ అమ్మాయి పెద్దయినా, ఇంట్లో వద్దన్నా తింటూనే ఉంటుందని ఎక్కువగా అన్నారు. తెలుగులో ఇలాంటి నామాలు చేసే ప్రత్యయాలకు కొదవ లేదు: తిండిబోతు, తాగుబోతు, సోమరిపోతు, అబద్ధాలకోరు, లంచగొండి. వీటికి క్రియ అక్కరలేదు. ‘వాడు సోమరిపోతు’ అంటే వాక్యం పూర్తయింది, కాలం ఎక్కడా రాలేదు. ‘వాడు ఈ వారం హోంవర్కు రెండుసార్లు చేయలేదు’ అంటే వచ్చేవారం చేయొచ్చు.

ఇది బడికి సంబంధించిన మాట కాబట్టి చదువు పేజీ చూసేవాళ్ళ కోసం ఒక్కటి దగ్గరగా చూపిస్తాం. ప్రోగ్రెస్ కార్డులో టీచర్లు రాసే మూడు మాటలు: ‘లెక్కలు చేయడు’, ‘లెక్కలు చేయలేదు’, ‘లెక్కలు చేయలేడు’. మొదటిది స్వభావమో మొండితనమో. రెండోది జరగని పని. మూడోది చేతకానితనం. అబ్బాయి కార్డులో ఈ మూడూ మూడు రూపాలు, చూసుకుని రాస్తే గొడవ లేదు. అమ్మాయి కార్డులో చూడండి. ‘చేయలేడు’కు స్త్రీలింగం ‘చేయలేదు’. జరగని పనికీ ‘చేయలేదు’ అనే అంటాం, దానికి లింగభేదం లేదు గనక. అంటే అమ్మాయి సోమవారం ఇచ్చిన లెక్కలు చేయలేదన్న మాటా, అమ్మాయికి లెక్కలు చేతకావన్న మాటా అచ్చులో ఒకటే అయ్యాయి. ‘మా పాపకు లెక్కలు రావటండీ’ అని ఇంట్లోవాళ్ళు తీర్మానించుకోవడానికి అది చాలు. ఆడపిల్లల విషయంలో మన భాషలో ఉన్న ఈ చిన్న గోతిని టీచర్లే దాటించాలి. చేతకాలేదని చెప్పాల్సి వస్తే ‘చేయలేకపోయింది’ అనాలి, అప్పుడది ఆ రోజుకు కట్టుబడి ఉంటుంది. ఇంకా మంచిది, చేసింది చెప్పి, తప్పు ఎక్కడో చెప్పడం: ‘10 లెక్కల్లో 6 చేసింది. భిన్నాలు కూడేటప్పుడు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేస్తోంది. సగానికి మూడోవంతు కలిపితే ఐదింట రెండు అని రాసింది.’ ఈ మాట చదివిన తల్లికి రాత్రి ఏం చెప్పించుకోవాలో తెలుస్తుంది.

‘మగపిల్లలు ఏడవరు’, ‘రైతు అన్నవాడు భూమి అమ్ముకోడు’ లాంటివి చూడటానికి స్వభావ వాక్యాలే, చేసే పని ఆజ్ఞ. ఏడ్చే మగపిల్లలు ఎదురుగా కనపడుతున్నా వాక్యం చెక్కు చెదరదు, ఎందుకంటే అది ఏడవకూడదని చెప్తోంది. ‘అన్నవాడు’, ‘అంటే’, ‘అనేది’ వచ్చిన చోట ఇది సంగతా, శాసనమా అని ఒక్కసారి ఆగి చూసుకోండి. అప్పుల పాలై పొలం అమ్ముకున్న మనిషి మీద రాసిన వార్తలో అలాంటి వాక్యం పడితే చదివే కుటుంబానికి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

అనువాద వార్తల్లో ఇంకో రకం తప్పు దొర్లుతోంది. ‘ఒక మంచి విద్యార్థి సమయం వృథా చేయడు’ అని రాస్తున్నారు. ఇంగ్లీషులో ‘ఎ’ (a) అన్న చిన్న ముక్క జాతిని చెప్పగలదు. తెలుగు ‘ఒక’ ఆ పని చేయదు, ఎవరో ఒక విద్యార్థి కథ మొదలవుతోందని వినపడుతుంది. ‘మంచి విద్యార్థి’ అన్నా చాలు, ‘మంచి విద్యార్థులు’ అన్నా చాలు. దీనికి తోడు విదేశీ పరిశోధనల వార్తలు. ‘కాఫీ తాగేవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు’ అన్న ధోరణిలో వస్తాయి. తప్పంతా డెస్కుదే అనలేం. 1,149 సైకాలజీ పరిశోధన వ్యాసాలను జాస్మిన్ డిహీసస్, గెల్మన్ తదితరులు 2019లో పరిశీలిస్తే, 89 శాతం వ్యాసాల్లో శీర్షికలోనో సారాంశంలోనో కనీసం ఒక్క స్వభావ వాక్యమైనా కనిపించింది. అంటే మూలంలోనే ఆ రంగు పులుముకుని వస్తోంది. మీరు ‘బతుకుతారు’ను ‘బతికారు’ చేసి, ఎక్కడివాళ్ళు, ఎంతమంది, ఎన్నేళ్ళు గమనించారు అన్న మూడూ మొదటి పేరాలో చేరిస్తే చదివినవాడు రేపటినుంచి కాఫీ పెంచడు.

స్వభావ వాక్యాలు మానేయమని అనడం లేదు. ‘రక్తపింజర కాటు ప్రాణం తీస్తుంది’ అని రాయాల్సిందే, అక్కడ శాతాలు చెప్తూ కూర్చుంటే మనిషి దక్కడు. జంతువులు, పంటలు, రోగాలు, యంత్రాల గురించి ఆ రూపం లేకుండా ఏ జ్ఞానమూ ఒకరినుంచి ఒకరికి అందదు. మా అభ్యంతరమల్లా మనుషుల గుంపులూ ఊళ్ళూ కర్తలైనప్పుడు. అలాంటి వాక్యం కనపడితే దాని ముందు ‘నిన్న’ పెట్టి చూడండి. ‘నిన్న’తో నిలబడేలా క్రియను మార్చగలిగితే, అంటే ‘చేస్తారు’ను ‘చేశారు’గా, ‘ఉంటుంది’ని ‘ఉంది’, ‘తేలింది’గా మార్చగలిగితే మార్చేయండి. మారిస్తే వార్త బలహీనపడిందనిపిస్తే, మీ చేతిలో ఉన్న సాక్ష్యం అంతవరకేనని అర్థం. ఫోన్లో వార్త చెప్పించుకునేటప్పుడు మరీ జాగ్రత్త అవసరం. కంట్రిబ్యూటరు ‘చేస్తా ఉండారు’ అని చెప్పింది డెస్కులో ‘చేస్తుంటారు’గా ఎక్కే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క క్రియను మాత్రం తిరిగి చదివి వినిపించి, అవునా కాదా అడగండి.

మీ జిల్లా డెస్కువాళ్ళు ఒక వారంపాటు అచ్చయిన హెడ్డింగుల్లో మనుషుల మీదా ఊళ్ళ మీదా వచ్చినవి కత్తిరించి పెడితే, ఏదైనా ఆదివారం మాలో ఇద్దరం వచ్చి వాటినే ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుంటాం. కావలి అయినా, నెల్లూరైనా, ఒంగోలైనా మాకు సరే.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల తెలుగు ఉపాధ్యాయులు, అధ్యాపకులు కొందరు
కావలి